సైన్స్ వార్తల మీద చలోక్తులు రాసే తెలుగువారికి, పర్లాకిమిడి నుంచి

రాకెట్ ఎగిరినా, ఉపగ్రహం కూలినా, కొత్త యంత్రం ఏదో వచ్చి ఉద్యోగాలు తినేస్తుందని గోల మొదలైనా, ఆ వార్త చల్లారేలోపు దాని మీద ఒక మాట విసిరి పదిమందిని నవ్వించగల తెలుగు మిత్రులారా,

మీలో చాలామంది హైదరాబాదులోనో, విశాఖలోనో, సముద్రాల అవతలి దేశాల్లోనో ఉంటారు. నేను ఒడిశాలో, గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతాను. మీ మాటలు మా ఊరిదాకా వస్తున్నాయనీ, వచ్చి ఊరికే పోవడం లేదనీ మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. హాస్యం మానేయమని అడగడానికి కాదు. ఇంకా ఎక్కువ రాయమనీ, వార్తను చివరిదాకా చదివి రాయమనీ అడగడానికి.

ముందు ఇక్కడి సంగతి చెప్పాలి. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం... ఈ ఊళ్లన్నింటిలో తెలుగు ఇళ్లు ఉన్నాయి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో చదువుతారు, కాలేజీకి వెళ్లేసరికి ఇంగ్లీషులో పడతారు. చాలామందికి తెలుగు అక్షరాలు బడి నేర్పినవి కావు. అమ్మో, తాతయ్యో పలక మీద దిద్దించినవి, లేకపోతే బస్సుల మీదా గోడల మీదా చూసి కూడబలుక్కున్నవి. తెలుగులో సైన్స్ పుస్తకం వాళ్ల చేతికి వచ్చే దారి లేదు. అలాంటి పిల్లలకు శ్రీకాకుళంలోని మేనమామ కొడుకు, విశాఖలోని పిన్ని కూతురు ఫోనుకు పంపేది మీ చలోక్తి. అంతరిక్షం గురించి వాళ్లు తమ భాషలో చదివే మొదటి వాక్యం చాలాసార్లు అదే. వార్త తర్వాత వస్తుంది, ఒడియాలోనో ఇంగ్లీషులోనో. కొన్నిసార్లు రానే రాదు. మీరు సరదాకు రాసిన ఒక్క వాక్యం ఇక్కడ పాఠం స్థానంలో కూర్చుంటోంది. అందుకే దాని బాగోగులు నాకు పట్టాయి.

సునీతా విలియమ్స్ సంగతే తీసుకోండి. 2024 జూన్ 5న బోయింగ్ వాళ్ల స్టార్‌లైనర్ నౌకలో, తోటి వ్యోమగామి బుచ్ విల్మోర్‌తో కలిసి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. సుమారు ఎనిమిది రోజుల ప్రయాణం అనుకున్నది 286 రోజులు అయింది. ఆ తొమ్మిది నెలలూ నా దగ్గరికి వచ్చే పిల్లలు మీ చలోక్తులు నాకు చదివి వినిపించారు. పుట్టింటికి వెళ్లి తిరిగి రాని కోడలన్నారు. ఓవర్‌టైం జీతంతో బంగళా కొంటుందన్నారు. పక్కింటి స్కూటర్ అడిగి తెచ్చుకుంటే ఇలాగే దారిలో ఆగిపోతుందన్నారు. నవ్వాం. కానీ ఆ తొమ్మిది నెలల తర్వాత, ఆమె ఎందుకు ఆగిపోయిందో చెప్పమంటే ఒక్క పిల్లవాడి దగ్గరా జవాబు లేదు. దారి తప్పిందని ఒకరు, పెట్రోలు అయిపోయిందని ఒకరు చెప్పారు.

జరిగింది వేరు. స్టార్‌లైనర్‌ను ముందుకు తోసే వ్యవస్థలో హీలియం వాయువు లీకైంది. అంతరిక్ష కేంద్రానికి చేరువవుతున్నప్పుడు, నౌకను అటూ ఇటూ తిప్పే 28 చిన్న ఇంజిన్లలో ఐదు మొరాయించాయి. వాటిలో నాలుగింటిని తిరిగి పనిచేయించారు. అయినా ఆ నౌకలో మనుషులను వెనక్కి తేవడం క్షేమం కాదని నాసా తేల్చి, సెప్టెంబరులో దాన్ని ఖాళీగా దించింది. ఆమె 2025 మార్చిలో స్పేస్‌ఎక్స్ వాళ్ల డ్రాగన్ నౌకలో దిగారు. ఈలోగా ఆమె అక్కడ ఖాళీగా కూర్చోలేదు. అంతరిక్ష కేంద్రానికి కమాండర్‌గా ఉన్నారు, బయటికి వెళ్లి అంతరిక్ష నడకలు చేశారు. బరువు తెలియని చోట ఎముకలు నెలనెలా పలుచబడతాయి కాబట్టి రోజుకు రెండు గంటలకు పైగా వ్యాయామం చేశారు.

ఇందులో నవ్వుకు చోటు లేదా? మీరు వాడుకున్న దానికన్నా ఎక్కువ ఉంది. ఓవర్‌టైం అన్నారు. నాసా వ్యోమగాములకు ఓవర్‌టైం లేదు. మామూలు జీతం కాకుండా వాళ్లకు దక్కేది రోజుకు ఐదు డాలర్ల చిల్లర ఖర్చుల భత్యం. భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున, కొట్టు అన్నదే లేని చోట, చిల్లర ఖర్చుల భత్యం! బంగళా చలోక్తి దీని ముందు నిలుస్తుందా? ఇంకొకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సన్ గుంటూరులో దుర్భిణి పెట్టుకుని సూర్యుడి చుట్టూ ఉన్న జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి, అంటే వర్ణపటంగా చేసి, పరిశీలించాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణపు పరిశీలనలతోనే. భూమి మీద దొరకడానికి చాలా ముందే సూర్యకాంతిలో కనిపించిన మూలకం అది. సునీతను పైన ఆపేసిన వాటిలో ఆ హీలియం లీకు ఒకటి. గుంటూరు అనగానే మిరపకాయ గుర్తొచ్చే తెలుగువాళ్లం, ఆ తొమ్మిది నెలల్లో ఒక్కరమైనా గుంటూరునూ హీలియాన్నీ కలిపి ఒక మాట అల్లి ఉంటే, ఇక్కడ ఒక పిల్లకు గ్రహణం, వర్ణపటం, వాయువు, నౌక నాలుగూ ఒక్క నవ్వులో అందేవి. నాకు కోపం రాలేదు, బాధ కలిగింది. అంత మంచి సరుకు చేతికి అందేంత దూరంలో ఉండి కూడా వృథా అయిపోయింది.

నేను చెప్పదలచినది ఇదే. సైన్స్ వార్తలో నిజం ఉన్నంత వింతగా, నవ్వొచ్చేంతగా, కల్పన ఉండదు. మీరు శీర్షిక దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే చందమామ మీద టీకొట్టు చలోక్తి తరాలు మారినా మారడం లేదు. అక్కడ గాలి ఒత్తిడి లేదు కాబట్టి మూత లేని గిన్నెలో నీళ్లు పొయ్యి లేకుండానే కుతకుతా మరిగి, మరుగుతూనే చల్లబడి గడ్డకడతాయని తెలిసినవాడు ఆ కొట్టు నడిపే మనిషి అవస్థను ఎంత బాగా రాయగలడు! చంద్రయాన్-3లో చంద్రుడి మీద దిగిన భాగం విక్రమ్, అక్కడి నేలలోకి ఒక ఉష్ణమాపకాన్ని దింపింది. పైన యాభై డిగ్రీలు దాటిన వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున సున్నాకు పది డిగ్రీలు తక్కువ. అరచేతి వెడల్పంత లోతులో వేసవీ, హిమాలయమూ రెండూ ఉన్నాయి. శుక్రగ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులే. అంటే అక్కడ ఒక చుట్టు పూర్తికాకముందే పుట్టినరోజు వచ్చేస్తుంది. మేము ట్యూషన్‌లో ఈ సంగతి చెప్పుకున్న రోజున పిల్లలు వాళ్లంతట వాళ్లే చలోక్తులు కట్టారు. శుక్రుడి మీద రోజుకూలీ లెక్క ఎలా కడతారని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ గంటసేపు లెక్కలు చేశారు. సెలవు కావాలని ఎవరూ అడగలేదు.

తెలిసి నవ్వించినవాళ్లు లేకపోలేదు. 2019 సెప్టెంబరులో, చంద్రయాన్-2 చంద్రుణ్ని సమీపిస్తున్న రోజుల్లో, బెంగళూరు చిత్రకారుడు బాదల్ నంజుండస్వామి వ్యోమగామి దుస్తుల వేషం వేయించి, గుంతలు పడిన రోడ్డు మీద ఒక మనిషిని నెమ్మదిగా నడిపించి వీడియో తీయించారు. కాసేపు అది చంద్రుడి నేలే అనిపిస్తుంది, ఆ వెనుక ఆటో ఒకటి పోతుంది. దేశమంతా నవ్వింది, ఆ గుంతలు పూడ్చారు. గమనించండి, ఆయన చంద్రయాన్‌ను ఏమీ అనలేదు. చంద్రుడి మీద గుంతలు ఎలా ఉంటాయో, తక్కువ ఆకర్షణలో మనిషి ఎలా అడుగు వేస్తాడో చూసి నేర్చుకుని, ఆ బాణాన్ని రోడ్డు వేయాల్సినవాళ్ల మీదికి వదిలారు. గురి అంటే అది.

అంతకన్నా పాత ముచ్చట ఒకటుంది. 1979లో అమెరికా వాళ్ల స్కైలాబ్, 77 టన్నుల అంతరిక్ష కేంద్రం, భూమి మీద పడబోతోందని వార్త వచ్చింది. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. మన తెలుగు పల్లెల్లో ఆ జూలై నెల ఎలా గడిచిందో పెద్దవాళ్లను అడగండి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవాళ్లున్నారు. ఉన్నదంతా అమ్ముకున్నవాళ్లున్నారు. మా అమ్మ ఆ రోజుల గురించి చెప్పినప్పుడల్లా, ఎవరైనా చదువుకున్నవాళ్లు వచ్చి మా భాషలో నాలుగు ముక్కలు విడమరిచి చెప్పి ఉంటే బాగుండేదని అనేది. జూలై 11న స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ అనే ఊరి చుట్టూనూ పడ్డాయి. ఆ ఊరి పాలకసంఘం ఏం చేసింది? తమ నేల మీద చెత్త పోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది! నాసా కట్టలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 2009లో, ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి ఆ జరిమానా కట్టాడు. ఒకే వార్తకు ఒక చోట భయం పుట్టింది, ఇంకో చోట నవ్వు పుట్టింది. పైనుంచి పడుతున్నది ఏమిటో తెలిసినవాళ్లే నవ్వగలిగారు.

మంగళయాన్ విషయంలోనూ అంతే. 2014 సెప్టెంబరు 24న అది అంగారక కక్ష్యలో చేరిన కొద్దిరోజులకు ప్రధానమంత్రి మోదీ న్యూయార్క్‌లో మాట్లాడుతూ, అహ్మదాబాదులో ఆటోకు కిలోమీటరుకు పది రూపాయలవుతుంది, మనం అంగారకుడికి కిలోమీటరుకు ఏడు రూపాయలతో వెళ్లామని అన్నారు. పిల్లలకు నేను ఇది లెక్కగా ఇస్తాను. 450 కోట్ల రూపాయలను సుమారు 65 కోట్ల కిలోమీటర్లతో భాగించండి. సరిపోతుంది. అప్పుడు రెండో ప్రశ్న వేస్తాను: ఆటో ఇంజిన్ దారంతా నడవాలి కదా, మరి మంగళయాన్ ఇంజిన్? చాలా దూరం అది ఆగే ఉంది. తోసేవాడు లేకపోయినా, ఆపేవాడు లేడు కాబట్టి సాగిపోయింది. న్యూటన్ మొదటి నియమం ఆటో స్టాండులో అర్థమైంది. అదే నెల చివర్లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆవును పట్టుకుని శ్రీమంతుల అంతరిక్ష క్లబ్బు తలుపు తడుతున్న భారతీయ రైతు బొమ్మ వేసింది. తర్వాత క్షమాపణ చెప్పుకుంది. ఆ బొమ్మ గీయడానికి మంగళయాన్ గురించి ఒక్క అక్షరం తెలియనక్కరలేదు. ఈ రెంటిలో ఏది పదునో మీరే చూడండి.

ఇప్పుడు నాకు నిజంగా మనసు మండే చలోక్తి దగ్గరికి వస్తాను. ప్రతి ప్రయోగానికీ అది తయారుగా ఉంటుంది. ఇక్కడ అన్నానికే గతి లేదు, ఆకాశంలో మనకేం పని? పైకి పంపిన డబ్బుతో ఇన్ని లక్షల ఇడ్లీలు వచ్చేవి. ఇలాంటివి. పేదవాడి పక్షాన మాట్లాడుతున్నామన్న నమ్మకంతోనే మీరు రాస్తారని నాకు తెలుసు. అందుకే ఈ తీరానికి వచ్చి చూడమంటున్నాను.

1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని మహాతుఫాను కొట్టింది. దాదాపు పదివేల మంది పోయారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ సరిగ్గా మా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగం. బరంపురంలో చెట్టు అన్నది నిలబడలేదు, పైకప్పులు ఎగిరిపోయాయి. ఒడిశాలో చనిపోయినవాళ్లు యాభైలోపు. సుమారు పది లక్షల మందిని ముందే ఇళ్లు ఖాళీ చేయించి తరలించారు. ఆ మార్పు ఒక్క ఉపగ్రహం వల్లే రాలేదు. తుఫాను ఆశ్రయాలు కట్టారు, విపత్తుల సంస్థ పెట్టారు, గడపగడపకూ వెళ్లి బతిమాలారు, మాట వినని వాళ్లను పోలీసులు ఎత్తుకుపోయారు. కానీ ఎప్పుడు, ఎక్కడికి వస్తుందో రోజుల ముందే తెలియకపోతే వీటిలో ఏదీ పనిచేయదు. సముద్రం మధ్యలో మబ్బు సుడి తిరగడం చూసేవాడు పైన ఉండాలి. కల్పనా చావ్లా పేరు పెట్టుకున్న కల్పన-1, ఇన్‌శాట్ ఉపగ్రహాలు చేసిన పని అది. నీటి మీద గాలి ఎంత జోరుగా వీస్తోందో ఓషన్‌శాట్-2 కొలిచింది. తుఫాను తీరానికి దగ్గరయ్యాక, మబ్బునూ గాలినీ నేల మీది నుంచి చూసే డాప్లర్ రాడార్లు ఆ పని అందుకున్నాయి.

గోపాల్‌పూర్ బీచి పక్కన, పూరీలోని పెంటకట్టలో వేటకు వెళ్లే కుటుంబాలు చాలావరకు తెలుగు మాట్లాడేవాళ్లే. తరాల కిందట ఉత్తరాంధ్ర తీరం నుంచి పడవలతో వచ్చినవాళ్లు. ఏ దిక్కున, ఎంత దూరాన చేపలు దొరికే అవకాశముందో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లకు కబురు పంపుతుంది. సముద్రపు రంగును, నీటి వేడిని ఉపగ్రహాలు చూస్తాయి. పచ్చదనం ఎక్కువ ఉన్నచోట నాచు ఉంటుంది, నాచున్న చోటికి చిన్న చేప, దాని వెంట పెద్ద చేప. వృథాగా తిరిగే డీజిలు మిగులుతుంది. ఆ పడవ మీదికి ఎక్కి, చేతిలో ఫోను పట్టుకున్న మనిషికి మీ ఇడ్లీల లెక్క వినిపించండి. ఆయన నవ్వడు. ఆకాశంలో పని ఉన్నది ముందుగా ఆయనకే.

ఇక్కడ పదునైన హాస్యానికి పని లేదని కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా కొండల మీదికి మళ్లింది. ఉద్దానం కొబ్బరితోటలు నేలకూలాయి. ఇటు గజపతి జిల్లాలో వరద ముంచెత్తింది, కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మబ్బును చూడగలిగిన దేశం, ఆ కబురును కొండ మీది సవర గిరిజనుల ఇంటికి, సవర భాషలో, వాన మొదలయ్యేలోపు చేర్చగలదా? అడగండి. ఎగతాళి చేసి మరీ అడగండి. నంజుండస్వామి రోడ్డు మీద అడిగినట్టు అడగండి. ఉపగ్రహం ఎందుకు అన్న ప్రశ్నకూ, ఉపగ్రహం చూసింది నాకెందుకు చేరలేదు అన్న ప్రశ్నకూ మధ్య ఉన్న దూరాన్ని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రయోగం విఫలమైన రోజున వచ్చే చలోక్తుల గురించి ఎక్కువ చెప్పను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. మరుసటి ఏడాది జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2025 మే 18న మన పీఎస్‌ఎల్‌వీ-సి61 రాకెట్ మూడో దశలో ఒత్తిడి పడిపోయి విఫలమైనప్పుడు నా దగ్గరికి వచ్చిన మాటల్లో తిరుమలలో నమూనా రాకెట్‌కు పూజ చేయించిన ప్రస్తావనే అటూ ఇటూ తిరిగింది. పూజను సమర్థించేవాళ్లూ, వెక్కిరించేవాళ్లూ ఇద్దరూ మూడో దశ అంటే ఏమిటో చెప్పలేదు. ఆ దశలో మండేది ఘన ఇంధనమనీ, అది ఒకసారి అంటుకుంటే ఆపి మళ్లీ వెలిగించడం కుదరదనీ చిన్న సంగతి తెలిస్తే చాలు, ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ల గుండె ఎలా కొట్టుకుందో ఊహించవచ్చు.

చలోక్తి నిజంగా మారిపోవడం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో చిప్పు ఉందనీ, భూమిలో 120 మీటర్ల లోతున దాచినా ఉపగ్రహం కనిపెడుతుందనీ ఒక మాట బయలుదేరింది. టీవీలో కూడా చెప్పారు. మా వీధిలో ఆ నోటును అల్యూమినియం రేకులో చుట్టి పెట్టినవాళ్లను నేను చూశాను. కరెంటు లేని కాగితం సంకేతం ఎలా పంపుతుంది, అంత మట్టిని దాటి అది పైకి ఎలా వస్తుంది అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మనుషులే కాదు, యంత్రాలు కూడా మీ మాటలు చదువుతున్నాయి. 2024 మే నెలలో గూగుల్ తన కృత్రిమ మేధ చెప్పే జవాబులను అమెరికాలో అందరి ముందూ పెట్టింది. పిజ్జా మీద చీజు జారిపోతోందని అడిగితే కాస్త జిగురు కలపమంది. ఎవరో రెడ్డిట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో ఏళ్ల కిందట సరదాకు రాసిన మాట అది. రోజుకో చిన్న రాయి తినడం మంచిదని కూడా చెప్పింది. దానికి మూలం ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక. ఇంగ్లీషులో సముద్రమంత రాత ఉంది కాబట్టి ఆ తప్పులను పట్టుకునేవాళ్లు వెంటనే దొరికారు. తెలుగులో సైన్స్ రాత తక్కువ. మీ చలోక్తులు ఎక్కువ. రేపు మా ఊరి పిల్ల ఒక యంత్రాన్ని తెలుగులో ప్రశ్న అడిగితే, అది వెతుక్కునే రాతల్లో మీ వాక్యం ఉంటుంది. సునీత దారి తప్పిందని అది చెప్పకూడదు.

నవ్వును సైన్సుకు శత్రువుగా నేను చూడను. ఇగ్ నోబెల్ బహుమతులు 1991 నుంచి ఇస్తున్నారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు. 2002లో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీకుమార్, నిర్మలన్ ఏనుగు ఒంటి మొత్తం వైశాల్యాన్ని లెక్కగట్టినందుకు గణితంలో ఆ బహుమతి అందుకున్నారు. ఏనుగు చర్మం కొలవడమేమిటని ఎవరైనా నవ్వుతారు. అయితే భుజం ఎత్తూ, ముందుకాలి పాదం చుట్టుకొలతా తెలిస్తే చాలు, మొత్తం వైశాల్యం చెప్పే సూత్రం అది. మా జిల్లాలోని లఖారి లోయ ఏనుగులు సరిహద్దు దాటి మీ వైపు పొలాల్లోకి వస్తుంటాయి. ఈ సూత్రం చెప్పినప్పుడు ఇక్కడి పిల్లలు నవ్వి ఊరుకోలేదు, బురదలో పాదముద్ర కొలిస్తే ఆ ఏనుగు ఎంతదో తెలుస్తుందా అని అడిగారు. 2000లో కప్పను అయస్కాంతంతో గాలిలో తేల్చినందుకు ఇగ్ నోబెల్ పొందినవారిలో ఒకరైన ఆండ్రే గైమ్, 2010లో గ్రాఫీన్ అనే, ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర మీద చేసిన పనికి అసలు నోబెల్ అందుకున్నాడు.

ఈ ఊరి నుంచే ఈ విన్నపం వెళ్లాలని నాకు మరో కారణం వల్ల కూడా అనిపించింది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లకు బడులు పెట్టించి, వ్యాకరణం, నిఘంటువు కూర్చింది ఇక్కడి నుంచే. జనం మాట్లాడుకునే తెలుగులో పుస్తకం ఉంటేనే చదువు జనానికి చేరుతుందని పండితులతో జీవితమంతా పోట్లాడారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన కోరిన తెలుగు ఇప్పుడు మీ చేతిలో ఉంది. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల కన్నా మీకే బాగా వచ్చు ఆ తెలుగు. ఒక కష్టమైన సంగతిని ఎనిమిది మాటల్లో, నవ్వొచ్చేలా, మరిచిపోలేనట్టుగా చెప్పగలరు. ఆ శక్తి ఉన్నవాళ్లు దాన్ని పుట్టింటి కోడలి చుట్టూ తిప్పుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

నేను అడిగేది ఎక్కువేమీ కాదు. రాసేముందు వార్త మొత్తం చదవండి. అందులో మీకు అర్థం కాని ఒక్క సంగతిని పట్టుకుని వెతకండి, మీ చలోక్తి సాధారణంగా అక్కడే దొరుకుతుంది. అంకె వాడితే సరైన అంకె వాడండి, పిల్లలు దాన్ని భాగించి చూస్తారు. ఆడవాళ్లు అంతరిక్షానికి వెళ్లిన ప్రతిసారీ వంటిల్లు, అత్తగారు, చీరల బేరం తీసుకురాకండి. తెనాలిలో బంధువులున్న బండ్ల శిరీష 2021లో రోదసి అంచుదాకా వెళ్లి వచ్చినప్పటి నుంచి, నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి విమానాల గురించే మాట్లాడుతుంది. ఆ రోజు వచ్చిన చలోక్తులు తనకు చూపించకుండా దాచాల్సి వచ్చింది. ఎవరైనా మీ తప్పు చూపిస్తే, దిద్దిన మాటను కూడా మొదటి మాట పంపినంత హుషారుగా పంపండి. మా దాకా మొదటిది వచ్చి రెండోది రాకపోవడమే ఎక్కువ.

మన దేశం సొంతంగా మనుషులను అంతరిక్షానికి పంపబోయే గగన్‌యాన్‌లో, మనుషుల కన్నా ముందు వ్యోమమిత్ర అనే యంత్రం వెళ్లనుంది. 2020 జనవరిలో బెంగళూరులో దాన్ని మొదటిసారి చూపించారు. ముఖం ఉంది, చేతులున్నాయి, మాట్లాడుతుంది, కాళ్లు లేవు. నౌకలో గాలి, ఒత్తిడి, వేడి మనిషికి సరిపడేలా ఉన్నాయో లేదో గమనించడానికి, మీటలు నొక్కడానికి కాళ్లతో పనిలేదు కదా. అది బయలుదేరే రోజున మీరు తప్పకుండా ఏదో ఒకటి రాస్తారు. ఎందుకు పంపుతున్నారో, అందులో ఏమేం కొలుస్తారో ముందుగా చదివి ఉంచుకోండి. రాసింది మాకు కూడా పంపండి. మా పిల్లలు ఇక్కడ తెలుగులో జవాబు రాయడం నేర్చుకుంటున్నారు.

గౌరవంతో,
పర్లాకిమిడి నుంచి ఒక లెక్కల, సైన్సు టీచరు